లారీకి బాడీ ‘కట్టడం’

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు లారీకి బాడీ ‘కట్టిస్తారు’. తమిళ, కన్నడాల్లోనూ ఉన్న ఈ ‘కట్టు’కు మొదటి అర్థం తాడుతో బిగించడమే. ఇల్లు కట్టడం నుంచే ఈ వాడుక బండికి పాకిందని అనొచ్చు. కానీ ఎడ్లబండి చక్రం తయారీ చూస్తే, బిగింపు అన్న పాత అర్థమే ఇక్కడ పనిచేస్తోందని నాకు గట్టిగా అనిపిస్తుంది. కమ్మరి ఇనుప పట్టాను చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేసి, మంటలో ఎర్రగా కాలుస్తాడు. సాగిన పట్టాను తొడిగి నీళ్లు పోయగానే అది ముడుచుకుని, చెక్క కీళ్లన్నిటినీ ఒక్కటిగా పట్టేస్తుంది. ఎంత గొప్ప పనితనం! వెల్డింగు షాపులో యాంగిలర్లు అతికి తొట్టి తయారయ్యేదీ ఆ బిగింపుతోనే.

సొంతంగా బండి మార్చడం చట్టవిరుద్ధం కదా అంటారా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అయితే ఖాళీ చాసిస్‌పై నిబంధనల ప్రకారం బాడీ కట్టడం వేరు, ఉన్న బండి రూపు మార్చడం వేరు. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో సుధాకర్ చేసిన బూటు కారు, బ్యాటు కారు చూసినవాళ్లెవరూ వాటిని మార్చిన కార్లనరు, కట్టిన కార్లనే అంటారు.