కాగితం మీద లేని నమూనా: నరసాపురం లేసు దుప్పట్లు

గోదావరి డెల్టాలోని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి అరుగుల మీద కూర్చుని నూలుతో అల్లే లేసు దుప్పట్లకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. పనిముట్టు ఒక్కటే: కొస వంకరగా ఉన్న చిన్న క్రోషా సూది. మగ్గం లేదు, చట్రం లేదు, రాసి పెట్టిన నమూనా కూడా సాధారణంగా ఉండదు.

ఈ విద్య ఇక్కడికి క్రైస్తవ మిషన్లతో వచ్చింది. 1836లో భారతదేశానికి వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు ఆ తర్వాత నరసాపురం ప్రాంతంలో మిషన్ నెలకొల్పాయి. ఆ శతాబ్దంలోనే డెల్టాలోని మిషనరీ స్త్రీలు, కొత్తగా మతం పుచ్చుకున్న పేద ఆడవాళ్లకు బతుకుతెరువుగా లేసు నేర్పారు. గోదావరికి ఎగువన, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెంలోనూ మిషన్ ఆధ్వర్యంలో లేసు పని సాగింది. దాదాపు అదే కాలంలో, 1845 తర్వాతి కరువులో, ఐర్లండ్ పేద కుటుంబాలను ఆదుకున్నది కూడా క్రోషా అల్లికే. అక్కడిలాగే ఇక్కడా పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లి తర్వాత కలిపే పద్ధతి స్థిరపడింది.

యూరప్‌లో 1840ల నుంచే క్రోషా నమూనాల పుస్తకాలు అచ్చయ్యాయి. డెల్టా పల్లెల్లో చదువు రాని ఆడవాళ్లకు ఆ పుస్తకాలతో పని పడలేదు. తల్లి చేతిని చూసి కూతురు నేర్చుకుంది. కొత్త రకం కావాలంటే అల్లిన ముక్కనే ఎదుట పెట్టుకుని కుట్లు లెక్కపెట్టుకున్నారు. లెక్క చాలా నికార్సైనది. గొలుసు కుట్లను గుండ్రంగా ముడివేసి, మొదటి చుట్టులో 12 నిలువు కుట్లు వేస్తే రెండో దానిలో 24, మూడో దానిలో 36 రావాలి. తగ్గితే ముక్క గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, పెరిగితే అంచు కుచ్చులు పడుతుంది. ఆ తేడాను వేళ్లే ముందుగా పసిగడతాయి. నమూనా లేదంటే క్రమం లేదని అర్థం కాదు, క్రమమంతా చేతిలో ఉంటుంది. పెద్ద దుప్పటి మాత్రం ఒక్కరి చేతి పని కాదు. పువ్వులు అల్లేవారు వేరు, వాటిని కలిపే అతుకుపని చేసేవారు వేరు.

20వ శతాబ్దంలో ఇది విదేశీ ఎగుమతి వ్యాపారమైంది. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి పంచి, అల్లిన సరుకు తీసుకుపోతాడు. క్రైస్తవ కుటుంబాల్లో మొదలైన పని కాపుల ఇళ్లకూ పాకింది. గడప దాటకుండా చేసే పని కావడంతో ఘోషా పాటించే ఇళ్లలోనూ దానికి అభ్యంతరం రాలేదు. 1970ల చివర ఈ ప్రాంతాన్ని పరిశీలించిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు అల్లేవారిని కూడా గృహిణుల కిందే లెక్కగట్టి, వారి శ్రమను తీరిక వేళ పనిగా చూస్తున్నారని ఆమె చూపించింది. కూలి వాడిన దారాన్ని బట్టి వచ్చేది, పట్టిన సమయాన్ని బట్టి కాదు. ఈ కళ చరిత్రలో అన్నిటికన్నా బరువైన విషయం ఇదే. నమూనాను మనసులో మోసే నేర్పుకు ఆ లెక్కలో చోటు లేదు.

తర్వాత యంత్రపు లేసు, ముఖ్యంగా చైనా సరుకు, ధరలో పోటీకి వచ్చింది. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు ఏర్పాటైంది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దీనివల్ల వేరే చోట తయారైన సరుకును ఆ పేరుతో అమ్మడం చట్టవిరుద్ధం. అయితే ఈ రక్షణ పేరుకు సంబంధించినది. కొత్త పువ్వును కనిపెట్టిన మనిషికి దాని మీద సొంత హక్కును ఇది ఇవ్వదు.