ఎంజే మార్కెట్ ముందు, కదలకుండా

ఆదివారం పొద్దున్న ఆరున్నర. ఎంజే మార్కెట్ చౌరస్తాలో సిగ్నల్ ఎరుపైనా ఆకుపచ్చైనా పట్టించుకునేవాడు లేడు. క్లాక్ టవర్‌కి ఎదురుగా, అవతలి ఫుట్‌పాత్ అంచున మీరు కూర్చున్నారు. ఒళ్లో క్లిప్ బోర్డు, దాని మీద ఏ3 కాగితం. పక్కన వరసగా ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్‌కి తయారవుతున్న పిల్లలు, ఇంకా నిద్ర వదలని మొహాలతో.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1935లో కట్టించి, రెండో కొడుకు మొజ్జం జా పేరు పెట్టిన మార్కెట్ ఇది. పళ్ల వ్యాపారం కొత్తపేటకి తరలిపోయి దశాబ్దాలైంది. ఇప్పుడు సాయంత్రాలు జనం ఎగబడేది ఐస్‌క్రీము కోసం. బొమ్మలేసేవాళ్లకి మాత్రం ఈ గ్రానైట్ కట్టడం మీద ప్రేమకి కారణం వేరు. చౌరస్తాలోకి పొడుచుకొచ్చిన మూల, ఆ మూలన టవర్, అక్కణ్ణించి చెరో దిక్కుకీ సాగిపోయే రెక్కలు. టూ పాయింట్ పర్‌స్పెక్టివ్ నేర్పడానికి ఊళ్లో ఇంతకంటే మంచి బోర్డు దొరకదు.

బొమ్మలు నేర్పే సార్ మొదట పెన్సిల్ ముట్టనివ్వరు. “లేవుండ్రి. కుడిచెయ్యి చాపుండ్రి. కుడిదిక్కు గోడ ఎటు పోతున్నదో చెయ్యి గటే పోవాలె.”

మీరూ చాపుతారు. తర్వాత ఎడమ చెయ్యి, ఎడమ గోడకి సమాంతరంగా. రోడ్డు మీద పోతున్న పాలబ్బాయి ఈ కసరత్తు చూసి సైకిలు ఆపి మరీ నవ్వుతాడు. “కుడి వేలు సూపెట్టే కాడ ఒక వానిషింగ్ పాయింట్. ఎడమ వేలు సూపెట్టే కాడ ఇంకోటి. ఇగ కూసోండ్రి.”

పుస్తకాల్లో ఈ పాఠం వేరేగా మొదలవుతుంది. కాగితానికి అడ్డంగా ఒక గీత, దాని రెండు చివర్లా వానిషింగ్ పాయింట్లుగా రెండు చుక్కలు, మధ్యలో ఒక నిలువు గీత. దాని పైకొస నుంచీ కిందికొస నుంచీ చుక్కలకి గీతలు లాగితే డబ్బా తయారు. పిల్లలకి అది చిటికెలో వచ్చేస్తుంది. వచ్చేయడమే చిక్కు. మీ పక్కనున్న కుర్రాడు సరిగ్గా అదే చేశాడు, చుక్కలు రెండూ కాగితం అంచుల మీదే పెట్టేశాడు. మార్కెట్ మూల గొడ్డలి అంచులా మీ మీదికి దూసుకొస్తోంది. సార్ వంగి, మూలమట్టం తీసి బొమ్మలో నేలను తాకే మూల మీద పెడతారు. రెండు గీతలూ దాని లోపలికే ఉన్నాయి.

“తొంభైకన్న తక్కువున్నది సూడు. గిది నువ్వు కూసున్న కాడికెళ్లి కనవడే మార్కెట్ కాదు. దానికి ముక్కు ఆనిచ్చి సూసినట్టున్నది.”

లెక్క చిన్నదే. కాగితాన్ని కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, కనిపించినంత సైజులోనే గీస్తున్నారనుకోండి. మూల లంబకోణమై, రెండు గోడలూ ఒకేలా వెనక్కి వాలితే, ఆ రెండు వానిషింగ్ పాయింట్ల మధ్య దూరం 120 సెంటీమీటర్లు. ఏ3 పొడవు 42. అంటే చుక్కలు కాగితంలో ఇమడవు, ఇమడకూడదు కూడా.

అందుకే సార్ సంచిలోంచి పొడవాటి ప్లైవుడ్ పట్టీ బయటికొస్తుంది. కుర్రాడి కొత్త కాగితాన్ని దాని మధ్యలో టేపుతో అంటిస్తారు. పట్టీ రెండు కొసల్లో చెరో గుండుసూది, సూదులకి తెల్ల దారం. దారం కొసని మూలగీత పైభాగానికి లాగి పట్టుకుంటే, దాని వెంట పెన్సిల్ నడుస్తుంది. మొదటిసారి లాగినప్పుడు వాలు మరీ తక్కువనిపించి కుర్రాడు నమ్మడు. పెన్సిల్‌ని కంటి ముందు అడ్డంగా పట్టుకుని అసలు గోడతో పోల్చి చూస్తాడు. మళ్లీ చూస్తాడు. “అంతే ఉంది సార్” అంటాడు, కొంచెం ఉడుక్కుంటూ.

టవర్ ఒక తంటా. ఉండాల్సిన మూలగీతని అది మింగేసింది. ముందు టవర్ లేనట్టు ఉత్త డబ్బా గీసి, ఆ తర్వాతే దాన్ని నిలబెట్టాలి. తొందరపడి గడియారం నుంచి మొదలెట్టినవాళ్ల టవర్లు రెండు రెక్కల్లో దేనికీ అతకవు.

ఇక ఐ లెవెల్. కూర్చున్న మీ కన్ను నేలకి మూడడుగుల ఎత్తులో ఉంది. చాయ్ బండి దగ్గర నిలబడ్డ మనిషిని చూడండి, మీ కంటి ఎత్తులో సాగే అడ్డగీత, అంటే హొరైజన్ లైన్, అతని నడుము మీదుగా పోతోంది. దూరంగా కమాను కింద వాచ్‌మన్ వేలెడంతే కనిపిస్తున్నాడు, అతనికీ నడుము మీదుగానే. నేల సమంగా ఉన్నంత మేర నిలబడ్డ ప్రతి మనిషినీ ఆ ఒక్క గీతే నడుము దగ్గర కోస్తుంది. ఇది మొదటిసారి కంటబడ్డాక చౌరస్తా మామూలుగా చూడటం కష్టం.

ఈలోగా నీలం చున్నీ అమ్మాయి, ఆటో అడ్డొచ్చిందని లేచి నిలబడి కుడి రెక్క గీసేసింది, కూర్చుని ఎడమ రెక్క గీసింది. కుడివైపు గీతలు ఒక ఎత్తుకి పోతున్నాయి, ఎడమవైపువి ఇంకో ఎత్తుకి. సార్ చాలాసేపు చూసి అంటారు: “బిడ్డా, నీ బొమ్మను ఇద్దరు సూస్తున్నరు. ఒకలు కూసోని, ఒకలు నిలవడి.”

నా ఉద్దేశంలో ఈ విద్యలో అసలు కష్టం చుక్కలూ గీతలూ కాదు, ఒకచోట కుదురుగా కూర్చోవడం. 15వ శతాబ్దం మొదట్లో ఫ్లారెన్స్‌లో వాస్తుశిల్పి బ్రూనెలెస్కీకి ఇది బాగా తెలుసు. అక్కడి బాప్టిస్టరీ అనే కట్టడాన్ని గీసిన పలకకి రంధ్రం పెట్టాడు. చూసేవాడు వెనకనుంచి ఆ రంధ్రానికి కన్ను ఆనించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మ చూడాలి. ఇంకెక్కణ్ణించీ చూడ్డానికి వీల్లేదు. రెండో పలక మీద అక్కడి ప్రభుత్వ భవనాన్ని, ఇదిగో మీరు మార్కెట్‌ని చూస్తున్నట్టే, మూలనుంచి రెండు పక్కలూ కనబడేలా గీశాడు. ఆ పలక మరీ పెద్దదవడంతో రంధ్రం సంగతి వదిలేశాడని అతని జీవితచరిత్ర రాసిన మానెట్టీ చెబుతాడు. ఎక్కడ నిలబడాలో చూసేవాడే తేల్చుకోవాలి. రెండు బిందువులతో కుస్తీ పడే పిల్లల తిప్పలకి అదే నాంది అనిపిస్తుంది నాకు.

కమానుల దగ్గర పని చకచకా సాగుతుంది. మొదటి కమాను చుట్టూ పెట్టె, దానికి ఐమూలగా రెండు గీతలు. అవి కలిసిన చోట నిలువు గీస్తే కమాను శిఖరం దానిమీదే. పక్క కమాను ఎంత ఇరుకవ్వాలో కూడా ఐమూల గీతే చెబుతుంది, స్కేలుతో పని లేదు.

ఎనిమిదవుతోంది. హారన్లు మొదలయ్యాయి. హోంగార్డు వచ్చి, కోపంగా ఏం కాదు, “సార్, జర గా పక్కకు జరుగుండ్రి, బస్సులు తిరుగుతయ్” అంటాడు. అందరూ చాపలు, సంచులు, ప్లైవుడ్ పట్టీ ఎత్తుకుని ఓ ఇరవై అడుగులు జరుగుతారు. కుర్రాడు కూర్చోగానే దారం లాగి మూడో కమాను మొదలెట్టబోతాడు.

“గా బొమ్మ ఆడనే అయిపోయింది బాబూ. కొత్త కాయితం తియ్యి.”

“ఇరవై అడుగులే కద సార్!”

సార్ మాట్లాడకుండా గడ్డంతో ఎడమ రెక్క వైపు చూపిస్తారు. ఇందాక కుర్రాడు గీసిన చివరి కమాను ఇక్కణ్ణించి లేనేలేదు. దాన్ని వేపచెట్టు మింగేసింది.