పునీత గిన్‌ఫోర్: ఒక అద్భుత గాథ సామాజిక మూలాలు

మధ్యయుగ యూరప్‌లోని పునీతుల గాథలను, అద్భుత కథలను చదివేటప్పుడు అభ్యుదయ దృష్టి గల వాళ్ళం సాధారణంగా రెండు వైఖరుల్లో ఏదో ఒకటి అవలంబిస్తాం. ఒకటి, ఇవన్నీ పామరులను లొంగదీసుకోవడానికి చర్చి అల్లిన కట్టుకథలని కొట్టిపారెయ్యడం. రెండోది, ఇవి ప్రజల సొత్తు కాబట్టి వీటిలో ఉన్నదంతా ప్రజాసంస్కృతేనని నెత్తిన పెట్టుకోవడం. రెండూ సులభమైన వైఖరులే. రెండింటిలోనూ కథను పూర్తిగా చదవవలసిన అవసరం ఉండదు. 13వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఒక వేటకుక్క పునీతుడైన వృత్తాంతం ఈ రెండింటినీ ఏకకాలంలో ఇరుకున పెడుతుంది. మొదటిసారి చదివినప్పుడు నన్ను కూడా ఇరుకున పెట్టింది కనుకనే దాన్ని గురించి రాస్తున్నాను.

ఈ వృత్తాంతం మనకు ఒకే ఒక మనిషి ద్వారా అందింది. అతని పేరు ఎతియెన్ ద బూర్బోన్. డొమినికన్ సన్యాసి, మతవిచారణాధికారి. 1261 ప్రాంతాల లియోన్‌లో చనిపోయాడు. జీవితం చివరి దశలో, ప్రచారకులు తమ ప్రసంగాల్లో వాడుకోవడానికి పనికివచ్చే కథలను, ఉదాహరణలను లాటిన్‌లో ఒక పెద్ద సంకలనంగా రాశాడు. లియోన్‌కు ఉత్తరాన దోంబ్ ప్రాంతంలో తిరుగుతూ పాపసంకీర్తనాలు వింటున్నప్పుడు, చాలామంది స్త్రీలు తమ పిల్లలను పునీత గిన్‌ఫోర్ దగ్గరికి తీసుకువెళ్ళామని చెప్పుకున్నారట. ఎవరో పునీతుడే కాబోలని అతను అనుకున్నాడు. ఆరా తీస్తే ఆ గిన్‌ఫోర్ ఒక కుక్క అని తేలింది.

కథ ఇది. విలార్ ప్రభువు భూముల్లో ఒక కోటలో ఒక నైట్, అతని భార్య, వాళ్ళ పసిబిడ్డ ఉండేవారు. ఒకనాడు తల్లీ తండ్రీ దాదీ ఇంట్లో లేని సమయంలో ఒక పెద్ద పాము ఉయ్యాల వైపు వచ్చింది. వేటకుక్క దానితో కలబడింది. ఆ పెనుగులాటలో ఉయ్యాల తిరగబడింది. కుక్క పామును చంపి దూరంగా పారేసింది. తిరిగివచ్చిన దాది కుక్క నోటికి అంటిన నెత్తురు చూసి కేక పెట్టింది. తల్లి కూడా కేక పెట్టింది. నైట్ పరుగున వచ్చి కత్తి దూసి కుక్కను చంపేశాడు. తర్వాత చూస్తే బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు. పక్కన ముక్కలైన పాము. చేసిన పనికి పశ్చాత్తాపపడి కుక్క శవాన్ని కోటగుమ్మం ముందున్న బావిలో వేసి, పైన రాళ్ళు పేర్చి, చుట్టూ చెట్లు నాటారు.

తెలుగు పాఠకుడికి ఈ కథ కొత్తది కాదు. ముంగిసను చంపుకున్న బ్రాహ్మణుడి కథగా మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పంచతంత్రంలోని ఈ కథ 6వ శతాబ్దంలో పహ్లవీ భాషలోకి, 8వ శతాబ్దంలో ‘కలీలా వ దిమ్నా’ ద్వారా అరబ్బీలోకి వెళ్ళింది. ముంగిస స్థానంలో కుక్క ఉన్న రూపం ‘రోమ్ ఏడుగురు జ్ఞానులు’ అనే కథాచక్రంలో భాగంగా 12వ శతాబ్దం నాటికే ఫ్రెంచి నేలమీద ప్రచారంలో ఉంది. కథలు దేశాలు దాటడం విశేషం కాదు. దాటినచోట ప్రజలు వాటితో ఏం చేశారన్నది విశేషం. మన కథ నీతిశాస్త్రంలో భాగం. తొందరపడి పని చెయ్యకు, విచారించి చెయ్యి అని అది యజమానికి బోధిస్తుంది. అక్కడ చచ్చిపోయిన ముంగిస ఒక పాఠానికి సాధనం మాత్రమే. దోంబ్ రైతులు కథను యజమాని వైపునుంచి వినలేదు, కుక్క వైపునుంచి విన్నారు. నమ్మకంగా సేవచేసి, యజమాని కత్తికి నిష్కారణంగా బలైన ప్రాణిని హతసాక్షి అన్నారు. పైగా కథ అక్కడితో ముగియలేదు. ఆ కోట నాశనమైంది, ఆ నేల బీడుపడింది. ప్రభువు ఇల్లు పోయింది, కుక్క సమాధి మిగిలింది. ఏ కవీ రాయని ఈ ముగింపులో భూస్వామ్య వ్యవస్థ కింద నలిగినవాళ్ళ న్యాయదృష్టి వినిపిస్తుందని నా అభిప్రాయం.

ఇంతవరకు మనకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది.

జబ్బుపడిన పసిబిడ్డలను తల్లులు ఆ తోపుకు తెచ్చేవారు. క్రతువు తెలిసిన ఒక ముసలామె వెంట ఉండేది. ఉప్పు, ఇతర కానుకలు అర్పించేవారు. బిడ్డ గుడ్డలను పొదల మీద వేలాడదీసేవారు. చెట్లకు మేకులు కొట్టేవారు. రెండు చెట్ల నడుమనుంచి దిసమొలతో ఉన్న బిడ్డను తల్లి ఇటునుంచి, ముసలామె అటునుంచి తొమ్మిదిసార్లు విసిరి పట్టుకునేవారు. ఈ రోగిష్టి బిడ్డ మీది, మీరు తీసుకుపోండి, మీరు ఎత్తుకుపోయిన మా ఆరోగ్యవంతుణ్ణి మాకు ఇవ్వండి అని వనభూతాలను వేడుకునేవారు. తర్వాత బిడ్డను ఉయ్యాలలోని గడ్డి మీద చెట్టు మొదట్లో పడుకోబెట్టి, అంగుళం పొడవు కొవ్వొత్తులు రెండు వెలిగించి, అవి ఆరిపోయేదాకా బిడ్డ ఏడుపు వినపడనంత దూరం, బిడ్డ కనపడనంత దూరం వెళ్ళిపోయేవారు. ఆ కొవ్వొత్తుల మంట అంటుకుని కొందరు పిల్లలు చనిపోయారని ఎతియెన్ విన్నాడు. బతికిన బిడ్డను షలారోన్ నదికి తీసుకుపోయి ఆ చల్లటి వడినీటిలో తొమ్మిదిసార్లు ముంచేవారు.

ఎతియెన్ ఆ చోటికి వెళ్ళాడు. జనాన్ని పోగుచేసి ప్రసంగించాడు. కుక్క ఎముకలు తవ్వించి, తోపు నరికించి, రెండింటినీ కలిపి తగలబెట్టించాడు. ఇకమీదట అక్కడికి పోయేవాళ్ళ ఆస్తి జప్తు చేస్తామని ఆ నేల ప్రభువుల చేత శాసనం చేయించాడు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నేను నిస్సంకోచంగా మతవిచారణాధికారి పక్షాన నిలబడ్డాను. పసిపిల్లల ప్రాణాలు తీస్తున్న మూఢాచారాన్ని ఒకడు ఆపాడు కదా అనుకున్నాను. హేతువాదిని అనుకునేవాణ్ణి మతవిచారణ పక్కన నిలబడ్డానన్న సంగతి కొంత ఆలస్యంగా తట్టింది. అప్పుడు మళ్ళీ చదివాను.

ఎతియెన్ హేతువాది కాడు. తోపులో ఏమీ లేదని అతను అనలేదు, అక్కడ సైతాను ఉన్నాడన్నాడు. అద్భుతాలు జరగవని అతను అనలేదు, ఈ అద్భుతాలకు అనుమతి లేదన్నాడు. అద్భుతం మీద హక్కు ఎవరిదన్నదే అసలు తగాదా. అంతకు పూర్వం శతాబ్దాల పాటు స్థానిక ప్రజలు కొలిచినవాడు, స్థానిక బిషప్ ఒప్పుకున్నవాడు పునీతుడయ్యేవాడు. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ, పోప్ అనుమతి లేకుండా కొత్త అవశేషాలను పూజించకూడదని నిషేధించింది. 1234లో తొమ్మిదో గ్రెగొరీ వెలువరించిన ధర్మసంహిత, పునీతుణ్ణి ప్రకటించే అధికారం రోమ్‌దేనని స్థిరపరిచింది. అద్భుతాలకు సాక్షుల విచారణ, రాతకోతలు వచ్చాయి. ప్రతి క్రైస్తవుడూ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం చెయ్యాలని శాసించింది కూడా ఆ 1215 మహాసభే. దోంబ్ స్త్రీల రహస్యం ఎతియెన్ చెవిన పడింది ఆ ద్వారం గుండానే.

ఒక పోలిక చూడండి. 1252 ఏప్రిల్‌లో వెరోనా పీటర్ అనే డొమినికన్ మతవిచారణాధికారి ఉత్తర ఇటలీలో హత్యకు గురయ్యాడు. ఏడాది తిరక్కుండానే, 1253 మార్చిలో, రోమ్ అతణ్ణి పునీతుడిగా ప్రకటించింది. అదే డొమినికన్ సంఘానికి చెందిన యాకోబుస్ ద వొరాజినె 1260ల్లో కూర్చిన ‘స్వర్ణగాథ’లో అతని అద్భుతాలకు చోటు దొరికింది. ఆ గ్రంథం లాటిన్ రాతప్రతులు నేటికీ సుమారు వెయ్యి మిగిలి ఉన్నాయి. విచారణాధికారి హతసాక్షి అయ్యాడు. నైట్ చంపిన కుక్కను హతసాక్షి అన్న రైతుస్త్రీలకు జప్తు బెదిరింపు దక్కింది. ఆ జప్తు శాసనం చేసింది నేలదొరలే. చర్చికీ ఫ్యూడల్ ప్రభువుకూ నడుమ ఉన్న సంబంధాన్ని ఇంతకన్న సూటిగా చెప్పే పత్రం అక్కరలేదు.

అయితే ఇక్కడ ఆగితే మనం రెండో సులభమార్గంలో పడతాం. ఎతియెన్‌ను తప్పుపట్టినంతమాత్రాన ఆ క్రతువు పవిత్రమైపోదు. 1979లో ‘పవిత్ర వేటకుక్క’ పేరుతో దీనిపై పుస్తకం రాసిన ఫ్రెంచి చరిత్రకారుడు జాఁ క్లోద్ ష్మిత్, క్రతువులోని ఎంపికను దాచిపెట్టలేదు. బతకగల బిడ్డనూ బతకలేని బిడ్డనూ అది వేరుచేస్తుంది. పుట్టిన పిల్లల్లో సుమారు నాలుగోవంతు ఏడాది నిండకుండానే పోయే కాలం అది. వైద్యం లేదు, తిండి చాలదు. ఈ బిడ్డ నా బిడ్డ కాదు, భూతాలు మార్చిపెట్టిన బిడ్డ అనుకోగలిగితేనే తల్లి ఆ శోకాన్ని దాటగలదు. ఆ నమ్మకాన్ని పుట్టించింది అజ్ఞానం ఒక్కటే కాదు, ఆ స్థితి. ఈ మాట క్రతువును వివరిస్తుంది తప్ప సమర్థించదు. కొవ్వొత్తి మంటలో కాలిన బిడ్డ కూడా పీడితుడే. ప్రజల పేరుతో ఆ బిడ్డను మరిచిపోయే విమర్శ ప్రజాపక్షం కాజాలదు.

మరి ఎతియెన్ నిప్పు ఆ స్థితిని మార్చిందా? లేదు. తోపు తగలబడింది కాని రోగం, ఆకలి, భయం తగలబడలేదు. 19వ శతాబ్దపు చివరి పాదంలో స్థానిక పరిశోధకుడొకరు అక్కడికి వెళ్ళేనాటికి గిన్‌ఫోర్ తోపు అదే పేరుతో ఉంది, బిడ్డల కోసం తల్లులు వస్తూనే ఉన్నారు. ఆరు వందల ఏళ్ళ నిషేధం చెయ్యలేని పని, పసిపిల్లలు బతకడం మొదలయ్యాకే జరిగింది. మూఢనమ్మకాన్ని శాసనంతో, ఎగతాళితో నిర్మూలించవచ్చునని అనుకునేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

చివరగా సాహిత్య విద్యార్థులకు ఒక మాట. ఆ స్త్రీలు తమ మాండలికంలో చెప్పింది ఎతియెన్ లాటిన్‌లో రాశాడు. పీడితుల మాట చరిత్రలో చాలాసార్లు పీడకుడి కలం గుండానే మనకు అందుతుంది. అటువంటి గ్రంథాన్ని పారెయ్యకూడదు, నమ్మకూడదు, అడ్డంగా చదవాలి. ఎతియెన్ ఒక తల్లి మాటను సైతాను ఉనికికి సాక్ష్యంగా ఉదహరించాడు. ఆమె బిడ్డను వదిలి దూరంగా వెళ్ళింది. అడవిలోంచి ఒక తోడేలు బిడ్డ వైపు వస్తూ కనిపించింది. మాతృప్రేమ ఆగనివ్వక ఆమె వెనక్కి పరుగెత్తింది. లేకుంటే ఆ తోడేలో, ఆ రూపంలో ఉన్న సైతానో బిడ్డను తినేసేదని ఎతియెన్ రాశాడు.

అతనికి కావలసింది తోడేలు. తోపుకూ చర్చికీ మధ్య జరిగిన పోరులో ఆమె ఎవరి నియమాన్నీ పాటించలేదు. వినకూడని ఏడుపు విన్నది, తిరగకూడని వెనక్కి తిరిగింది. ఆమె పేరు ఎతియెన్ రాయలేదు. ఏ అద్భుతానికీ ఎదురుచూడకుండా తన బిడ్డను తనే ఎత్తుకున్న ఆ మనిషిని ఈ లాటిన్ వాక్యాల మధ్య గుర్తుపట్టడమే విమర్శకుడి పని అని నేననుకుంటాను.