బెంజ్ సర్కిల్‌కి వచ్చే దారులు: కృష్ణా డెల్టాలో దళితుల శ్రమ, సరుకు, సంస్కృతి

విజయవాడ వ్యాపార చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా ఆనకట్టతో మొదలుపెట్టి ఆటోనగర్ దగ్గర ఆపుతారు. మధ్యలో రైసుమిల్లులు, సినిమా హాళ్ళు, లారీ ట్రాన్స్‌పోర్టు, పుస్తక ప్రచురణ, కార్పొరేట్ కాలేజీలు వస్తాయి. పెట్టుబడి పెట్టినవాడి పేరు, ఊరు, వంశం అన్నీ ఉంటాయి. మట్టి తవ్వినవాళ్ళు, తోలు తీసినవాళ్ళు, బస్తా మోసినవాళ్ళు మాత్రం 'కూలీలు' అన్న ఒక్క మాటలో సర్దుకుపోతారు. ఆ మాటని విప్పి చూడాలన్నదే ఇక్కడ మా ప్రయత్నం.

బెంజ్ సర్కిల్ని పట్టుకోవడానికి కారణముంది. కలకత్తా - మద్రాసు రోడ్డు, బందరు - హైదరాబాదు రోడ్డు ఇక్కడే కలుస్తాయి. పాత లెక్కలో అవి 5, 9 నంబరు జాతీయ రహదారులు, ఇప్పుడు 16, 65. 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి లారీలు తయారుచేశారు. సర్కిల్‌కి పేరు ఆ బెంజ్ బండ్ల వల్లనే వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఒక కూడలికి లారీ పేరు అతికిందంటే ఆ ఊరు దేనిమీద బతికిందో తెలుస్తూనే ఉంది. 2020లో ఒకటి, 2021లో రెండోది ఫ్లైఓవర్లు లేచాక లారీలు పైనుంచి వెళ్ళిపోతున్నాయి. కింద కూడలి మాత్రం కూడలిగానే ఉంది. దాని పక్కనున్న పటమట ఒకప్పుడు బెజవాడకి తూర్పున పొలాల మధ్య ఉన్న పల్లె.

పొలాలకి ముందు కాలవల సంగతి చూడాలి. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమని తుడిచిపెట్టింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. కాటన్ దొర పేరు ఇంటింటా తెలుసు, పని దగ్గరుండి చేయించిన కెప్టెన్ ఆర్ పేరు కొందరికి తెలుసు. తట్టలు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ నీళ్ళు పారించడమే కాదు, పడవల్ని కూడా నడిపించాయి. ధాన్యం, ఉప్పు, కలప, మనుషులు అన్నీ ఆ నీటిమీదే కదిలేవి. మాగాణి ధర పెరిగింది. వరి అమ్మి మిగుల్చుకున్న రైతు కులాలు ఆ డబ్బుని మిల్లులకీ, బస్సులకీ, సినిమాలకీ, చివరికి చదువుల వ్యాపారానికీ తిప్పాయి. ఇదంతా రాసిన చరిత్రే.

రాయనిది రెండో వైపు. అదే కాలవ కింద మాలపల్లెలో ఏం జరిగింది? నీళ్ళొచ్చాయి, పని పెరిగింది, భూమి మాత్రం చేతికి రాలేదు. పాలేరుతనం ఏడాది లెక్కన కుదిరేది, కూలి ధాన్యంలో కొలిచేవాళ్ళు. ధాన్యం ధర పెరిగిన లాభం కొలిచేవాడికే గాని కొలిపించుకునేవాడికి కాదు.

మాదిగపల్లె కథ ఇంకో దారిలో నడిచింది. మెట్ట సీమలో, అంటే నందిగామ, తిరువూరు వైపు, మోట బావి ఉన్నంత కాలం మాదిగ లేకపోతే సేద్యం లేదు. మోట బొక్కెన, ఎద్దు మెడపట్టె, వారు, చెప్పులు - ఇవన్నీ ఆ చేతులనుంచే రావాలి. చచ్చిన గొడ్డుని మోసుకెళ్ళడం, తోలు ఒలవడం, సున్నంలో నానేసి వెంట్రుకలు తీయడం, తంగేడు చెక్కతో లందలో ఊనడం, ఇదంతా తరాలుగా నేర్చిన శాస్త్రం. దానికి 'అంటు' అని పేరుపెట్టి శాస్త్రం కాకుండా చేశారు. కాలవ నీరు పారే డెల్టాలో మోట అవసరమే తగ్గిపోయింది. అటు పంతొమ్మిదో శతాబ్దం చివరికి మద్రాసు రేవునుంచి తోళ్ళ ఎగుమతి బాగా పెరిగింది. ఊళ్ళో వాడకానికి పనికొచ్చే తోలు కాస్తా బజారు సరుకైంది. సరుకయ్యాక దాని ధర చెప్పేది వ్యాపారి. లంద వాసన మాత్రం మాదిగపల్లెకే మిగిలింది. 1903 నుంచి మద్రాసులో ఛాటర్టన్ క్రోమ్ పద్ధతిలో తోలు ఊనడం మీద ప్రయోగాలు చేయించాడు. 1930ల్లో బాటా చెప్పులు బజారుకొచ్చాయి. ప్రభుత్వం తోలు పరిశ్రమ కోసం లిడ్‌క్యాప్ అనే సంస్థని పెట్టింది 1973లో. అప్పటికి చాలామంది కుర్రాళ్ళకి లంద అంటే తాత చెప్పిన కబురు.

వృత్తి కులాలు మార్కెట్టు వచ్చాక బాగుపడ్డాయనే వాదన ఒకటి ఉంది. కంసాలికో, నేతపనివాళ్ళలో కొందరికో అది వర్తించవచ్చు. మాదిగలకి మార్కెట్టు వచ్చింది గాని మార్కెట్టులో చోటు రాలేదు. అంగడి పెట్టాలంటే బజారు వీధిలో గది అద్దెకి దొరకాలి గదా. కొనేవాడు మెట్టెక్కి లోపలికి రావాలి గదా. పేటలో పుట్టినవాడికి ఆ రెండూ డబ్బుతోనే తేలే విషయాలు కావు. కూడలి పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే మనిషి దగ్గరికి అన్ని కులాలవాళ్ళూ వస్తారు. ఆ గొడుగు షాపుగా మారడానికి ఎన్ని తరాలు కావాలన్నది మాత్రం ఎవరూ అడగరు.

ఇప్పుడు 1917కి రావాలి. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది, 1893లో కృష్ణమీద రైలు వంతెన పడింది. దాంతో ఆంధ్ర జిల్లాలకీ హైదరాబాదుకీ నడుమ ఇదే కూడలి అయింది. సరుకుకి వేసిన పట్టాలమీదే ఆలోచన కూడా ప్రయాణం చేసింది. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. మైలవరం రాజావారి నాటకశాలలో సభ. గుడివాడలో సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు దాని ఏర్పాట్లలో ముందున్నాడు. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ. అప్పటికే 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్యసంఘం పెట్టి పనిచేస్తున్నవాడు.

పంచములు అన్న మాట పురాణాల్లో లేదు, మేం ఈ నేలకి మొదటివాళ్ళం, మా పేరు ఆది ఆంధ్రులు అన్నాడాయన. పంచమ సభగా పిలిచిన సభ ఆది ఆంధ్ర సభగా ముగిసింది. బడులు, బావులు, స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం కావాలని తీర్మానాలు చేశారు. ఒక పేరు మార్చుకోవడం చిన్న విషయమని కొందరు మిత్రులంటుంటారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరుని గుర్తించింది. 1931 జనాభా లెక్కల్లో అది ఒక కులం పేరుగా ఎక్కింది. ఇతరులు పెట్టిన పేరుని కాదని తన పేరు తానే పెట్టుకున్నవాడు సర్కారు పుస్తకంలో ఎక్కడం చిన్న విషయం కాదు.

ఆ మూడు రోజులూ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ గుడి మూసేశారు. సభకొచ్చిన పంచములు గుడిలోకి వస్తారేమోనని భయం. వాళ్ళు గుడిలోకి పోతామని చెప్పలేదు, బడి అడిగారు, బావి అడిగారు. అయినా తాళం పడింది. ఆ తాళానికి చట్టప్రకారం తీయక తప్పని రోజు రావడానికి 1947 దాకా, మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం దాకా ఆగాల్సొచ్చింది.

గుడి మూసుకున్న ఊళ్ళోనే ఇంకో తలుపు అంతకుముందే తెరుచుకుని ఉంది. బందరులో 1841 నుంచి పనిచేస్తున్న సి.ఎం.ఎస్. మిషన్ పై కులాల పిల్లల చదువుల మీద ఆశపెట్టుకుంది. నోబుల్ దొర బడి అందుకే. పల్లెలనుంచి కదలిక మాత్రం 1859లో రాఘవాపురం మాల పగోలు వెంకయ్య బాప్తిస్మంతో మొదలైంది. మిషన్ వేసిన లెక్క ఒకటి, వచ్చిన జనం వేరు. ఇది ఇక్కడి సంగతే కాదు. నైజీరియాలో ఇబో జనంలో 'ఓసు' అని దేవతకి అంకితమైన వెలివారుండేవారు. పెళ్ళి పొత్తు లేదు, బతుకు ఊరికి వేరుగా. చినువా అచెబె 1958 నాటి తన మొదటి నవలలో చర్చికి మొదట్లోనే చేరినవాళ్ళలో ఓసుల్ని చూపిస్తాడు. తూర్పు నైజీరియా శాసనసభ ఓసు పద్ధతిని 1956లో చట్టంతో రద్దుచేసింది. మన అస్పృశ్యతా నేరాల చట్టం 1955. ఒక్క ఏడాది తేడా. అక్కడా పెళ్ళి సంబంధం దగ్గర ఆ మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. రెండు చోట్లా సంత అందర్నీ ఒకచోట నిలబెట్టింది గాని ఇంటి గడప దాటించలేదు.

చర్చి మన పల్లెలకిచ్చింది అక్షరం ఒక్కటే కాదు, పాట కూడా. డప్పు, తాళాలు, కీర్తన కలిసి ఒక కొత్త రాత్రి సంస్కృతి తయారైంది. క్రిస్మస్‌కి గడకట్టి ఎత్తే కాగితపు నక్షత్రం పేట గుర్తు. 1924లో విగ్రహం వెలిసిన గుణదల కొండమీద ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్ళు చూడండి. తలనీలాలిస్తారు, కొబ్బరికాయ కొడతారు. పండితులు దీన్ని కలగాపులగం అంటారు. మాకు మాత్రం అది తనకి అడ్డుపెట్టిన ఆచారాన్ని జనం తమ సొంతం చేసుకున్న తీరుగా కనిపిస్తుంది. తిరునాళ్ళలో గాజులు, బొమ్మలు, మిఠాయి అమ్మే దుకాణాలు పెద్ద బజారులో గది దొరకనివాళ్ళకి మూడు రోజుల అంగడి.

మళ్ళీ రోడ్డు మీదకి వద్దాం. బెంజ్ సర్కిల్ నుంచి హైదరాబాదు దారి పట్టుకుంటే కంచికచర్ల వస్తుంది. 1968 ఫిబ్రవరిలో ఆ ఊళ్ళో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపంతో సజీవంగా తగలబెట్టారు. ఆ ఊరే కలేకూరి ప్రసాద్‌ది కూడా. కోటేశు పేరు తెలుగు కవిత్వంలో చెరగకుండా నిలిచింది ఆయన వల్లే. ఇక డెల్టాలోకి దిగితే నీళ్ళు కనిపిస్తాయి. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపడానికి మొదలు మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ధాన్యం నింపే గోనె, పొలం తడిపే కాలవ. డెల్టా సంపద పనిముట్లే అవి.

పల్లె వదిలి బెజవాడ వచ్చినవాళ్ళలో చాలామంది ఈ దెబ్బలకి భయపడో, పాలేరుతనం విసుగెత్తో వచ్చారు. పట్నం కులం అడగదని ఆశ. 1960ల్లో ఆటోనగర్ వచ్చాక లారీకి క్లీనర్‌గా, బాడీ షెడ్డులో హెల్పర్‌గా, గూడ్సుషెడ్డులో హమాలీగా పని దొరికింది. క్లీనర్ డ్రైవరయ్యాడు, డ్రైవర్ ఓనరవడం అరుదు. లారీ కొనాలంటే పొలం తాకట్టుకి ఉండాలి, లేదా పొలమున్న మేనమామ ఉండాలి. 1974లో ఏర్పడిన షెడ్యూల్డు కులాల ఆర్థిక సహకార సంస్థ అప్పులు గేదెకీ, రిక్షాకీ, తర్వాత ఆటోకీ వచ్చాయి. బెంజ్ సర్కిల్లో షట్టరు తీసుకోవడానికి సరిపోయే అప్పు వచ్చినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇళ్ళెక్కడ దొరికాయంటే నది ఒడ్డున కృష్ణలంకలో, బుడమేరు పల్లంలో సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు పోయింది. అటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానింది. కుట్టుమిషన్లు, ఆటోలు, టిఫిన్ బండ్లు, కిరాణా సరుకు మునిగిపోయాయి. అవి సామాన్లు కావు, అప్పు తీరని పెట్టుబడులు.

అదే ఏడాది జనవరి 19న బందరు రోడ్డు పక్కన స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 206 అడుగులు. అంతకుముందు ఆ మైదానంలో రైతు బజారు నడిచేది, ఏటా పుస్తకాల పండగ జరిగేది. విగ్రహం చూడటానికి పల్లెలనుంచి జనం పిల్లల్నెత్తుకుని వస్తున్నారు. చూసి, బందరు రోడ్డు వెంట తూర్పుకి నడిస్తే బెంజ్ సర్కిల్. దారి పొడుగునా బంగారం కొట్లు, బట్టల షోరూములు, హోటళ్ళు. వాటిలో లెక్కల పుస్తకం ముందు కూర్చున్నదెవరు, గోడౌన్లో బస్తాలు దింపుతున్నదెవరు, తెల్లారకముందే ముందు మెట్లు ఊడ్చిందెవరు అని దుకాణం దుకాణం తిరిగి రాసుకునే పని విద్యార్థి మిత్రులు ఒక్క ఎండాకాలం సెలవుల్లో చేయొచ్చు. రాసుకున్న కాగితాలు మాకు పంపితే అచ్చు వేస్తాం.