వాతాష్ఠీల

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం మూత్రాఘాతాలను పన్నెండుగా లెక్కించి, వాటిలో ఒకదానిని వాతాష్ఠీల అన్నది. అష్ఠీల అనగా గుండ్రని రాయి. గుదానికీ మూత్రాశయానికీ నడుమ రాయివంటి గడ్డ లేచి మూత్రాన్ని నిరోధిస్తుందని దాని లక్షణం. నేటి వైద్యులు దీనిని ప్రొస్టేట్ గ్రంథి వాపుతో పోలుస్తారు.

ఆ గ్రంథికి వచ్చే క్యాన్సరును 1853లో లండనులో ఆడమ్స్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినితో గుర్తించి, బహు అరుదైన వ్యాధి అని వ్రాశాడు. అరుదు కాదని కాలం తేల్చింది. వృషణాల స్రావమే దానిని పోషిస్తున్నదని 1941లో చార్లెస్ హగిన్స్ చూపి, 1966లో నోబెల్ బహుమతి పొందాడు. వేలితో చేసే పరీక్షకు తోడుగా పీఎస్ఏ రక్తపరీక్షను 1994లో అమెరికా అనుమతించింది.

మా కల్లూరులో మాత్రం అంతా "వేడి చేసింది" అన్న మాటతో సరి. (సుశ్రుతుని జాబితాలో ఉష్ణవాతం వేరే ఉన్నది, మనవాళ్లు పన్నెండింటినీ అందులోనే కలిపేశారు!) రాత్రి నాలుగుసార్లు లేచే పెద్దాయన సబ్జానీళ్లు త్రాగుతాడు, రాళ్లేమో అంటాడు, కోడలి ఎదుట మాటెత్తడు. కర్నూలు పెద్దాసుపత్రి పక్కనే ఉన్నది. తొలిదశలో ఈ క్యాన్సరు ఏ బాధా చూపకపోవచ్చు. ఎముకకు ప్రాకి నడుము నొప్పి పుడితే అదీ వాతమే అంటాము. పీఎస్ఏ ఉత్త వాపుకూ పెరుగుతుంది గనుక, ఏబది దాటినవారు ఆ పరీక్ష సంగతి వైద్యునితోనే మాట్లాడవలె.

మా పింఛనుదారుల సమావేశాలలో డీఏ బకాయిలపై గంటసేపు చర్చ నడుస్తుంది. ఈసారి "వాతాష్ఠీల - పదచరిత్ర" అని నా ఉపన్యాసానికి పేరిచ్చాను. సంస్కృతమైతే సిగ్గుపడకుండా వింటారు.