చచ్చినవాడే హంతకుడు

1964 జనవరిలో ‘ఆత్మబలం’ సినిమా విడుదలైనప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన లేదు. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించింది 1965లో. అప్పటిదాకా ఖమ్మం వైపు నుంచి ఏది రావాలన్నా రేవు దాటాల్సిందే. సినిమా రీళ్ల డబ్బాలకూ వేరే దారి లేదు. మారుమూల ఊళ్లకు ఆ రోజుల్లో వినోదమంటే టూరింగ్ టాకీసు. డేరా కింద ఒకే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. హత్య కథల్లో ఆ కాస్త విరామం చాలు, నేల టికెట్టు నుంచి బెంచీ దాకా ఎవరి అనుమానం వాళ్లు చెప్పుకోడానికి.

‘ఆత్మబలం’ మాత్రం ఆ అనుమానాలన్నిటినీ బోల్తా కొట్టించే కథ. జగపతి ఆర్ట్ పిక్చర్స్ పతాకం మీద వి.బి. రాజేంద్రప్రసాద్ తీశారు. దర్శకుడు వి. మధుసూదనరావు. మూలం ఉత్తమ్ కుమార్ నటించిన బెంగాలీ చిత్రం ‘అగ్నిసంస్కార్’. అక్కినేని, బి. సరోజాదేవి ప్రేమకు అడ్డుపడేవాడు జగ్గయ్య: డబ్బుంది, మనసు మాత్రం స్థిమితంగా లేదు. తనకు దక్కనిది ఇంకొకరికి దక్కకూడదని తన ప్రాణం తనే తీసుకుని, ఆ నేరం అక్కినేని మెడకు చుడతాడు. పోలీసులు పట్టుకోవాల్సిన హంతకుడు ఎక్కడా లేడు. సాక్ష్యాలన్నీ నిర్దోషినే వేలెత్తి చూపిస్తుంటే అతన్ని ఉరి తప్పించడమెలా అన్నదే అసలు చిక్కు.

హాలీవుడ్‌లో 1940లలో వచ్చిన నేరచిత్రాల్లో భయం వానకు తడిసిన వీధుల్లో, కిటికీ చువ్వల నీడల్లో ఉండేది. బిల్లీ వైల్డర్ ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) అందుకు మచ్చుతునక. మన సినిమాలో వాన వచ్చింది, కానీ ఘంటసాల, సుశీల పాడిన యుగళగీతం కోసం వచ్చింది. భయమంతా జగ్గయ్య గొంతులోనే. ఒకప్పుడు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన గొంతు అది. మాట స్పష్టంగా, మర్యాదగా పలుకుతూనే లోపలి ఉన్మాదాన్ని బయటపెట్టగలదు. కేకలు వేసే ప్రతినాయకులకు అలవాటుపడ్డ ప్రేక్షకుడికి ఆ నెమ్మదే వెన్నులో చలి పుట్టించింది.

నలుపు తెలుపు అప్పట్లో కళ కోసం ఎంచుకున్నది కాదు, ఖర్చును బట్టి వచ్చింది. పూర్తి రంగుల్లో తొలి తెలుగు చిత్రం ‘లవకుశ’ వచ్చి ‘ఆత్మబలం’ నాటికి ఏడాదైనా నిండలేదు. సాంఘికాలకు రంగు అబ్బింది 1965లో, ‘తేనెమనసులు’తో. అయినా ఆ లేమి నేరకథకు మేలే చేసింది. ముఖంలో సగం చీకట్లో ఉంటే, ఆ మనిషిని నమ్మాలో వద్దో ప్రేక్షకుడే తేల్చుకోవాలి మరి.

ఆ వెనకే 1966లో జయలలితతో ‘ఆమె ఎవరు?’, కృష్ణతో ‘గూఢచారి 116’ వచ్చాయి. 1967లో ‘అవే కళ్లు’ రంగుల్లోనే భయపెట్టింది. అదే ఏడాది ఒంగోలు ఓటర్లు జగ్గయ్యను లోక్‌సభకు పంపారు. తెరమీది దుర్మార్గాన్ని ఎంతగా నమ్మినా, దాన్ని తెరమీదే వదిలేసి రావడం మన ప్రేక్షకుడికి బాగా తెలుసు.