వెనుక వరుసలో నిలబడినవారు

గత నెలలో మా చిన్నవాడు బడి నుంచి మొహం వేలాడేసుకొని వచ్చాడు. ఫుట్‌బాల్ జట్టులో చోటైతే దొరికింది కాని, బ్యాక్‌గా వేశారట. "గోల్ కొట్టడం రానివాళ్ళనే అక్కడ నిలబెడతారు నాన్నా" అని వాడి బాధ. వాడిని ఓదార్చబోయి నేను చెప్పిన హైదరాబాదు కథే ఈ వ్యాసం.

అమెరికాలో వాళ్ళు ఆడే ఫుట్‌బాల్ వేరు. అక్కడ 1936 నుంచి 'డ్రాఫ్టు' అనే పద్ధతి వుంది. కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా యెన్నుకుంటాయి. క్రిందటేడు అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఆ వంతును పాయింట్లు తెచ్చేవాడికి ఖర్చు పెట్టాలా, ఎదుటివాణ్ణి ఆపేవాడికా అన్నది వారికి ప్రతియేటా పెద్ద తర్జనభర్జన. మన హైదరాబాదులో డ్రాఫ్టూ లేదు, లక్షల డాలర్లూ లేవు. వున్నదల్లా పోలీసు శాఖలో ఒక కొలువు, సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే ఒక బడిపంతులు.

రహీమ్ సాహెబు 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ యేటి నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. ఆటగాళ్ళను పరీక్షించడానికి ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదానిలో వాటంలేని కాలితో మాత్రమే ఆడాలి. మరొకదానిలో డ్రిబ్లింగు నిషిద్ధం. బంతి అందగానే తోటివాడికి ఇవ్వాలి. ఇలాంటి ఆటలో గారడీలు సాగవు. నిలకడ, చూపు, తోటివాడి మీద నమ్మకం బయటపడతాయి. వెనుక వరుసకు కావలసినవీ అవే గదా!

ఈ చూపుకు గట్టి దెబ్బ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో తగిలింది. యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతోనే ఆడారు. పాత పద్ధతి ప్రకారం వెనుక ఇద్దరే ఫుల్‌బ్యాకులు. ఎదుటివారు అయిదుగురు ముందుకు దూసుకు వస్తే ఆ ఇద్దరు ఏం చేయగలరు? ఆ తర్వాత మన ఆటకు బూట్లు వచ్చాయి, మూడో బ్యాకు కూడా వచ్చాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956 మెల్బోర్న్‌లో, భారతదేశం నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాపై మూడు గోళ్ళు కొట్టిన నెవిల్ డిసౌజా పేరు అందరికీ తెలుసు. హెల్సింకీ దెబ్బ తిని మళ్ళీ మెల్బోర్న్‌లో నిలబడిన హైదరాబాదీ బ్యాక్ అజీజుద్దీన్ పేరు ఎందరికి తెలుసు?

అసలు కథ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ది. మన సింగపూరుకు విమానంలో రెండు గంటలైనా పట్టని ఊరు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండుతో ఆటలో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరొకరైతే అతణ్ణి ఇంటికి పంపేవారు. రహీమ్ మాత్రం అతణ్ణి సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టారు! ఖాళీ అయిన స్టాపర్ చోటును అరుణ్ ఘోష్ కాచాడు. చెరోవైపు చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్. గోలులో మన హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. అతను సెంటర్ ఫార్వర్డుగా మొదలుపెట్టి గోల్‌కీపరైనవాడు. ఒకడు వెనుక నుంచి ముందుకు, ఒకడు ముందు నుంచి వెనక్కు!

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియాయే. లక్షమంది దాకా జనం, అందరూ మనకు వ్యతిరేకమే. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. ఆ తర్వాత గంటకు పైగా ఆ వెనుక వరుస కాచుకొచ్చింది. 2-1తో బంగారం మనది.

ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, కాన్సర్ రహీమ్‌ను తీసుకుపోయింది. అప్పటి నుంచి ఇప్పటివరకు ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు. హైదరాబాదు ఆట కూడా క్రమంగా సన్నగిల్లింది. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మన పిల్లలకు ఆయన పేరే తెలియదు. హైదరాబాదు వదిలి వచ్చిన మనం మాత్రం వారికి ఏనాడు చెప్పాం?

ఇక్కడి మాటే చూడండి. 1977లో సింగపూరు పెనాంగ్‌ను 3-2తో ఓడించి మలేషియా కప్పు గెలిచింది. జనం నోట క్వా కిమ్ సాంగ్ గోళ్ళే మెదిలాయి. కాని ఆనాటి కెప్టెన్ సమద్ అల్లాపిచ్చై, వెనుక వరుసవాడు.

ఇదంతా విని మా వాడు కాసేపు ఊరుకున్నాడు. "అయితే నాన్నా, ఎడమకాలితో ఆడటం నేర్పిస్తావా?" అన్నాడు. నాకు రాదు. ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నాం.